మీ ఊరి పోలీస్ స్టేషన్ చరిత్ర రాయాలంటే

"1861 పోలీసు చట్టంతో మా స్టేషన్ ఏర్పడింది." స్టేషన్ చరిత్రల్లో చాలావరకు ఈ వాక్యంతోనే మొదలవుతాయి, తప్పూ ఇక్కడే మొదలవుతుంది. మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు జిల్లాలకు కొత్త పోలీసు వచ్చింది 1859 నాటి 24వ చట్టంతో. నిజాం రాజ్యంలో ఈ రెండు చట్టాలకూ చోటు లేదు. అక్కడ జిల్లా పోలీసు నిజాం ప్రధానమంత్రి మొదటి సాలార్‌జంగ్ 1860ల్లో చేసిన పాలనా సంస్కరణల్లో పుట్టింది. అందుకే కలం పట్టేముందు తేల్చుకోవాల్సింది ఒకటే: మీ ఊరు ఏ ఏడాది ఎవరి ఏలుబడిలో ఉంది?

ఇప్పటి జిల్లా పేరు చూసి తేల్చకండి. భద్రాచలం ఇప్పుడు తెలంగాణలో ఉంది. కానీ నిజాం ఆ ప్రాంతాన్ని 1860లోనే బ్రిటిష్‌వాళ్లకు వదులుకున్నాడు. సెంట్రల్ ప్రావిన్సెస్‌లో కొంతకాలం ఉండి, 1874లో మద్రాసు కింద గోదావరి జిల్లాకు వచ్చింది. ఖమ్మంలో కలిసింది 1959లో. దాని పాత కాగితాల కోసం హైదరాబాదు దఫ్తర్లు తిరగేస్తే ఏమీ దొరకదు. ముందుగా ఒక తెల్లకాగితం మీద మీ ఊరు మారిన పాలనలు, జిల్లాలు, తాలూకాలు తేదీలతో వరుసగా రాసుకోండి. 1948 సెప్టెంబరు, 1953 అక్టోబరు 1, 1956 నవంబరు 1, 2014 జూన్ 2 ఎలాగూ ఉంటాయి. తెలంగాణలో 2016 అక్టోబరు, ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ నాటి జిల్లాల విభజననూ చేర్చండి. ఆ రెండుసార్లూ చాలా స్టేషన్ల పైఆఫీసు మారిపోయింది.

మద్రాసు వైపు ఊరైతే 1859కి ముందు నుంచే మొదలుపెట్టండి. 1816 నుంచి తాలూకాలో పోలీసు పెద్ద కూడా తహసీల్దారే. ఊళ్లో మునసబు, తలారి. శిస్తు రాబట్టేవాడి చేతిలోనే లాఠీ కూడా ఉంటే ఏమవుతుందో 1855 నాటి చిత్రహింసల విచారణ కమిషన్ నివేదిక బయటపెట్టింది. రెవెన్యూ నుంచి పోలీసును విడదీయడానికి అదొక పెద్ద కారణం. ఈ నేపథ్యం లేకుండా రాస్తే స్టేషన్ ఆకాశం నుంచి ఊడిపడినట్టుంటుంది.

ఇంకో పొరపాటు తరచూ కనిపిస్తుంది: 1880ల స్టేషన్‌కు 'మొదటి ఎస్సై' పేరు వెతకడం. ఆ రోజుల్లో స్టేషన్ నడిపింది హెడ్ కానిస్టేబుల్. స్టేషన్ బాధ్యత ఎస్సై చేతికి వచ్చింది 1902-03 పోలీసు కమిషన్ సిఫార్సుల తర్వాతే. పాత కాగితంలో 'స్టేషన్ హౌస్ ఆఫీసర్' అని కనిపిస్తే, తేదీ చూడకుండా ఎస్సై అని రాసేయకండి.

నిజాం వైపు కాగితాల్లో హోదాలు వేరు. అమీన్ అంటే ఎస్సై స్థాయి, మొహతమీం అంటే ఎస్పీ స్థాయి. ఊళ్లో పోలీస్ పటేల్ ఉండేవాడు. ఆ వంశపారంపర్య పదవులు 1984లో రద్దయ్యాయి. ఊరు దివానీలో (నేరుగా సర్కారు ఏలుబడి) ఉందా, సర్ఫేఖాస్‌లోనా (నిజాం సొంత ఆస్తి), జాగీరులోనా (ప్రముఖులకు ఇచ్చిన భూమి) అన్నది తప్పక చూడండి. పెద్ద జాగీర్లకూ పాయిగాలకూ (నిజాంకు దగ్గరి పెద్ద కుటుంబాల ఎస్టేట్లు) సొంత పోలీసులుండేవారు. 1949లో జాగీర్లు రద్దయ్యేదాకా అక్కడి ఠాణా సర్కారుది కాకపోవచ్చు.

ఇక ఫసలీ, అంటే పాత కాగితాల్లోని రెవెన్యూ సంవత్సరం లెక్క. హైదరాబాదు ఫసలీ అక్టోబరు మొదట్లో ఆజూరు నెలతో మొదలవుతుంది, మద్రాసు ఫసలీ జులై 1న. ఇంగ్లిషు సంవత్సరం కావాలంటే, ఫసలీ మొదలయ్యే నెల నుంచి డిసెంబరు దాకా 590 కలపాలి, జనవరి నుంచి 591. హైదరాబాదు నగర పోలీసు చట్టం 1348 ఫసలీది, అంటే 1938-39. నెల తెలియనప్పుడు ఇలా రెండేళ్లూ కలిపి రాయడమే నిజాయితీ. కృష్ణానది సరిహద్దు ఊళ్లలో రెండు ఒడ్డుల కాగితాలూ పక్కపక్కన పెట్టేటప్పుడు ఈ మూడు నెలల తేడా మరిచిపోవద్దు.

ఆధారాల కోసం ముందు స్టేషన్‌కే వెళ్లండి, కానీ ఆశ ఎక్కువ పెట్టుకోకండి. స్టేషన్‌లో రోజువారీ సంగతులు రాసే జనరల్ డైరీలు గడువు తీరాక ధ్వంసం చేస్తారు. గోడమీది శిలాఫలకం, స్టేషన్ అధికారుల పేర్ల బోర్డు ఫొటో తీసుకోండి. ఫలకం మీద ఉండేది భవనం తేదీ, స్టేషన్ తేదీ కాదు. ఆ తర్వాత భూమి రికార్డు చూడండి. ఆంధ్రలో ఆరెస్సార్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టర్), తెలంగాణలో సేత్వార్ (నిజాం కాలపు సర్వే రిజిస్టర్), 1954-55 ఖాస్రా పహాణీ. స్టేషన్ స్థలం ఏ సర్వే నంబరులో, ఎవరి పేరిట ఉందో వాటిలో తేలుతుంది. నిజాం కాలపు ఫారసీ, ఉర్దూ దస్తావేజులు హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో, మద్రాసు ప్రభుత్వ కాగితాలు చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో దొరుకుతాయి. షికస్తా అనే గొలుసుకట్టు ఫారసీ చేతిరాత చదివేవాళ్లను ముందే వెతుక్కోండి.

సమాచార హక్కు దరఖాస్తు పెడితే "స్టేషన్ చరిత్ర ఇవ్వండి" అని అడగకండి. చరిత్ర రాసిపెట్టడం అధికారి పని కాదు, తన దగ్గరున్న కాగితం ఇవ్వడమే పని. "ఫలానా స్టేషన్‌ను ఏర్పాటు చేసిన జీవో, పరిధి గ్రామాలను నిర్ణయించిన గెజిట్ నోటిఫికేషన్, మంజూరైన సిబ్బంది ఉత్తర్వు నకళ్లు" అని ఒక్కొక్కటీ విడిగా అడగండి. జిల్లా పోలీసు కార్యాలయానికైతే రుసుము 10 రూపాయలు, గడువు 30 రోజులు. కుదరదంటే సమాచార హక్కు చట్టం 8(3) సెక్షన్ ఎత్తిచూపండి: 20 ఏళ్లు దాటిన సంగతులకు చాలా మినహాయింపులు వర్తించవు.

సంఘటనలు రాసేటప్పుడు తేదీని, ఊరి నోట నలిగిన కథను వేరువేరుగా ఉంచండి. అల్లూరి సీతారామరాజు దళం 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి స్టేషన్లపై దాడి చేసింది. అంత వరకు గట్టి ఆధారం ఉంది. ఆ రాత్రి ఎవరు ఏమన్నారో పెద్దలు చెప్పింది కూడా విలువైనదే. చెప్పినవారి ఊరు, చెప్పిన సంవత్సరం వేసి, విన్న మాటగానే రాయండి.

పాత రిజిస్టర్లలో కొన్ని కులాలకు కులాలనే నేరస్తులుగా రాసి ఉంటారు. నేరస్త తెగల చట్టం పుణ్యమా అని రాత్రిపూట హాజరు వేయించుకోవాల్సి వచ్చిన కుటుంబాలవి. ఆ చట్టం 1952 నాటికి దేశమంతటా రద్దయింది, ఆ మచ్చ మాత్రం చాలా ఇళ్లను వదల్లేదు. ఈ భాగం దాచొద్దు. చట్టం పేరు, అది స్టేషన్‌తో చేయించిన పని పూర్తిగా రాయండి. ఇంటిపేర్లు, హిస్టరీ షీట్లలోని వ్యక్తుల పేర్లు మాత్రం అచ్చులోకి రానివ్వకండి.