ఫిజీ ఎయిర్‌వేస్ ఎకానమీలో వెళ్తున్నారా? టికెట్ కొనకముందే ఇవి చూసుకోండి

ఫిజీ టికెట్ అనగానే అందరూ ముందు రేటు చూస్తారు, నేనైతే ముందు వారంలో ఏయే రోజుల్లో ఫ్లైట్ ఉందో చూడమంటాను. దేశం చిన్నది, విమానాలు తక్కువ. సిడ్నీ, ఆక్లాండ్ నుంచి అయితే ఫ్లైట్లు బాగానే ఉంటాయి కానీ సింగపూర్, హాంకాంగ్ నుంచి మాత్రం వారంలో కొన్ని రోజులే, ఒక ఫ్లైట్ తప్పిపోతే తర్వాతది గంటల్లో కాదు రోజుల్లో వస్తుంది. అందుకే ఇండియా నుంచి సింగపూర్ దాకా ఒక టికెట్, అక్కడ్నుంచి ఇంకో టికెట్ అని విడివిడిగా కొనకండి, నాలుగు డబ్బులు ఎక్కువైనా సరే మొత్తం ఒకే పీఎన్ఆర్ మీద ఉండాలి. అలా ఉంటే మొదటి ఫ్లైట్ లేటయినా మిమ్మల్ని ఇంకో ఫ్లైట్ ఎక్కించే బాధ్యత ఎయిర్‌లైన్ వాళ్ళదే అవుతుంది, పైగా లగేజీ నేరుగా ఫిజీకే ట్యాగ్ చేస్తారు. విడి టికెట్లయితే లగేజీ తీసుకోడానికి సింగపూర్‌లో ఇమిగ్రేషన్ దాటి బయటికి రావాల్సిందే, దానికి వీసా కావాలి, చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు.

ఫిజీకి మాత్రం ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకి ముందస్తు వీసా అక్కర్లేదు, నాలుగు నెలల దాకా ఉండొచ్చు. పాస్‌పోర్ట్‌కి ఇంకా ఆరు నెలలు టైం ఉండాలి, రిటర్న్ టికెట్ ఉండాలి, రిటర్న్ టికెట్ ప్రింట్ తీసి చేతిలో పెట్టుకోండి, చెకిన్ కౌంటర్లోనే అడుగుతారు.

అమెరికా నుంచి వెళ్ళేవాళ్ళు డేట్ లైన్ (పసిఫిక్ మధ్యలో తారీఖు మారే గీత) సంగతి బాగా గుర్తుపెట్టుకోండి. లాస్ ఏంజెలిస్‌లో శుక్రవారం రాత్రి ఎక్కితే ప్రయాణం సుమారు 11 గంటలే కానీ దిగేది ఆదివారం పొద్దున, మధ్యలో శనివారం ఉండదు. తిరిగి వచ్చేటప్పుడు ఉల్టా, ఆదివారం రాత్రి ఎక్కితే అదే ఆదివారం మధ్యాహ్నానికి లాస్ ఏంజెలిస్‌లో ఉంటారు. హోటల్ బుక్ చేసేటప్పుడు దిగే తారీఖు టికెట్ మీద చూసి వేయండి, మనసులో లెక్కేసి వేయొద్దు.

సీటు సంగతికొస్తే, విమానం ఏదో చూసి ఎంచుకోవాలి. ఎయిర్‌బస్ ఎ350 లో ఎకానమీ 3-3-3, ముగ్గురు కలిసి వెళ్తే హాయి. ఎ330 లో 2-4-2, భార్యాభర్తలిద్దరే అయితే కిటికీ వైపు రెండు సీట్లు పట్టేయండి, పది గంటల పైన ఉండే సింగపూర్ రూట్లో పక్కన మూడో మనిషి లేకపోవడం ఎంత సుఖమో చెప్పలేను. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ రూట్లలో బోయింగ్ 737 మ్యాక్స్ కూడా తిరుగుతుంది, అది 3-3, ఆక్లాండ్ నుంచి మూడు గంటలే కాబట్టి సీటు కోసం విడిగా డబ్బు పెట్టడం నా దృష్టిలో దండగ. విమానం మారే అవకాశం ఉంటుంది, బయల్దేరే ముందు సీటు ఇంకోసారి చెక్ చేయండి.

ఇప్పుడు భోజనం, మనవాళ్ళు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. వెజిటేరియన్లు స్పెషల్ మీల్‌లో హిందూ మీల్ అని ఉంది కదా అని అది పెట్టేస్తారు, విమానాల్లో హిందూ మీల్ అంటే బీఫ్ ఉండదంతే, చికెనో చేపో ఉండొచ్చు. మీకు కావాల్సింది ఏషియన్ వెజిటేరియన్, కోడ్ ఎవిఎంఎల్. కనీసం రెండు మూడు రోజుల ముందే బుకింగ్‌లో పెట్టేసి, అది ఎక్కిందో లేదో చూసుకోండి.

లగేజీ ఎన్ని కిలోలనేది ఫేర్‌ని బట్టి, రూట్‌ని బట్టి మారుతుంది, ఫ్రెండ్ తీసుకెళ్ళాడు కదా అని అదే లెక్కతో సర్దకుండా మీ టికెట్ మీద రాసింది చూడండి. అంతకంటే ముఖ్యం, లోపల ఏముందనేది. అది దీవుల దేశం కదా, బయటి పురుగు ఒక్కటి దిగినా అక్కడి పంటలకి ముప్పు, అందుకే బయోసెక్యూరిటీ వాళ్ళు చాలా గట్టిగా ఉంటారు. పచ్చి కరివేపాకు, పళ్ళు, విత్తనాలు, తేనె, మాంసం పచ్చళ్ళు పెట్టుకోవద్దు. పొడులు, స్వీట్లు లాంటివి ఏవున్నా అరైవల్ ఫారంలో ఉన్నాయనే టిక్ పెట్టండి, చెప్తే మహా అయితే తీసి పారేస్తారు, దాస్తే ఫైన్.

దిగేది నాండి ఎయిర్‌పోర్టులో. అక్కడ్నుంచి సువా గానీ, తవేయుని, లంబాసా గానీ వెళ్ళాలంటే ఫిజీ లింక్ అని వీళ్ళదే చిన్న ఎయిర్‌లైన్, ఏటీఆర్‌లు, ట్విన్ ఆటర్‌లు అనే చిన్న విమానాలు నడుపుతుంది. లగేజీ నాండిలోనే తీసుకుని కస్టమ్స్ దాటాక పక్కనే ఉన్న డొమెస్టిక్ వైపు నడిచి వెళ్ళాలి, కనీసం మూడు గంటల గ్యాప్ పెట్టుకోండి. ట్విన్ ఆటర్‌లో బరువు లెక్క చాలా కచ్చితం, పెద్ద సూట్‌కేసు బదులు మెత్తటి బ్యాగు తీసుకెళ్తే మంచిది. నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా తుఫాన్ల సీజన్, ఆ నెలల్లో అయితే దీవి నుంచి తిరిగొచ్చిన రోజే ఇంటర్నేషనల్ ఫ్లైట్ పెట్టుకోకండి, మధ్యలో ఒక రాత్రి నాండిలో ఉండండి.

ఆస్ట్రేలియా, అమెరికా మధ్య తిరిగేవాళ్ళకి నాండిలో పగలంతా ఖాళీ దొరికితే లోపల కూర్చోకండి, వీసా అక్కర్లేదు కాబట్టి బయటికి రావచ్చు. టౌన్ మెయిన్ రోడ్డు చివర శ్రీ శివ సుబ్రహ్మణ్య స్వామి గుడి ఉంది, టాక్సీలో ఇరవై నిమిషాలు, గోపురం రంగులు చూసి తీరాల్సిందే. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా చెరుకు తోటల్లో కూలికి వెళ్ళినవాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు, ఇప్పుడు వాళ్ళ పిల్లల పిల్లలు మాట్లాడేది ఎక్కువగా ఫిజీ హిందీ. కాబట్టి టాక్సీ డ్రైవర్‌తో వచ్చీరాని హిందీలో మాట్లాడినా చక్కగా కలిసిపోతారు, మీ పెద్దవాళ్ళది ఏ ఊరు అని అడగండి, చాలా ఇష్టంగా చెప్తారు.

ఇంకోటి, పాయింట్లు. 2025 లో ఫిజీ ఎయిర్‌వేస్ వాళ్ళు ఎయిర్‌లైన్ల కూటమి అయిన వన్‌వరల్డ్‌లో పూర్తి మెంబర్ అయ్యారు, ఖతార్ ఎయిర్‌వేస్ లాంటి వాటిలో ఇప్పటికే మీకు పాయింట్ల మెంబర్‌షిప్ నంబరుంటే అదే బుకింగ్‌లో ఇవ్వండి, చౌక ఫేర్లకి తక్కువే పడతాయి కానీ వదులుకోవడం ఎందుకు. తిరుగు ప్రయాణంలో ఆస్ట్రేలియా వెళ్ళేవాళ్ళు కావా (అక్కడివాళ్ళు నీళ్ళలో కలుపుకుని తాగే వేరు పొడి) కొనుక్కుంటే పెద్దవాళ్ళకి మనిషికి 4 కిలోల దాకానే, అదీ డిక్లేర్ చేయాలి, బిల్లు పారేయకండి.