పక్క బావికి ఫ్రాకింగ్ మొదలయ్యే ముందు పాత బావి దగ్గర చూసుకోవాల్సినవి

అమెరికాలో నార్త్ డకోటాలోని బాకెన్ చమురు క్షేత్రంలో ఏళ్లుగా ఉత్పత్తి తగ్గుతూ వచ్చిన షేల్ (పలకరాతి) చమురు బావి ఒక్కోసారి ఉన్నట్టుండి పుంజుకుంటుంది. కారణం చాలాసార్లు పక్క బావే. ఫ్రాకింగ్‌లో, అంటే రాతిని పగలగొట్టడానికి, కొత్త బావిలోకి బలంగా పంపింగ్ చేసిన నీళ్లూ ఇసుకా ఆ పగుళ్ల వెంట పాత బావిని తాకి, పడిపోయిన ఒత్తిడిని లేపుతాయి. బాకెన్‌లో దీనివల్ల బాగుపడిన బావులు చాలానే ఉన్నాయి. ఓక్లహామాలోని వుడ్‌ఫర్డ్‌లో మాత్రం దెబ్బతిన్నవే ఎక్కువ. బాగుపడే చోట కూడా చమురు కంటే ముందు నీళ్లూ ఇసుకా వస్తాయి. ఫీల్డుకు కొత్తగా వచ్చిన మనవాళ్లు మర్చిపోయేది ఇదే.

పక్క కంపెనీ ఏ రోజున ఏ బావికి పంపింగ్ చేస్తుందో ముందే కనుక్కోండి. ఒత్తిడి పెరిగితే రాత్రి ఎవరికి ఫోన్ చేయాలో కూడా రాసిపెట్టుకోండి. పక్కన పంపింగ్ జరిగేటప్పుడు పాత బావిని మూసి ఉంచాలి. అలా మూసేముందు చమురు, నీళ్లు, గ్యాస్ విడివిడిగా కొలిచి పెట్టుకోకపోతే తర్వాత ఎంత పెరిగిందో చెప్పలేరు.

రాడ్ పంపు (పైనుంచి కడ్డీలతో ఆడించే పంపు) ఉన్న బావి అయితే పంపు, రాడ్లు బయటికి తీయించడం మేలు. ఇసుక పట్టి ఇరుక్కుపోయిందంటే బావి మరమ్మతు చేసే వర్కోవర్ రిగ్ పిలవాల్సిందే. బావి తల మీది వాల్వులు ఎంత ఒత్తిడికి ఆగుతాయో ప్లేటు చూసి నిర్ధారించుకోండి. పంపు బిగించినప్పుడు ఆ సామాను తక్కువ రేటింగుకు మార్చి ఉండొచ్చు. రాడ్ చుట్టూ లీకు ఆపే స్టఫింగ్ బాక్సు మీద భరోసా అసలే వద్దు.

అన్నింటికన్నా ట్యాంకుల దగ్గర భయం ఎక్కువ. బావి తిరిగి తెరిచాక నీళ్లు ఒక్కసారిగా వస్తాయి కాబట్టి ట్యాంకులు ముందే ఖాళీ చేయించి, లారీలు మాట్లాడి పెట్టుకోవాలి. మట్టం చూద్దామని పైకెక్కి మూత తెరిస్తే లోపలి ఆవిరి ముఖానికి కొడుతుంది. అందులో ఊపిరికి ఆక్సిజన్ మిగలదు, మనిషి అక్కడే కూలిపోతాడు. 2010 నుంచి 2014 వరకు అమెరికాలో ఇలా ట్యాంకు కొలుస్తూ, నమూనా తీస్తూ 9 మంది చనిపోయినట్టు అక్కడి వృత్తి భద్రతా పరిశోధన సంస్థ నియోష్ లెక్క తేల్చింది. గ్యాస్ మానిటర్ లేకుండా, ఒంటరిగా ఎక్కకండి. బయటి నుంచే కొలిచే గేజ్ ఉంటే ఇంకేం కావాలి!

బావి తెరిచేటప్పుడు చోక్ (ప్రవాహాన్ని అదుపు చేసే వాల్వు) కొద్దికొద్దిగానే తిప్పండి. ఇసుక తగ్గేదాకా పంపు దించొద్దు. మొదటి వారాల అంకెలు చూసి బావి రాబడిలో వాటా ఉన్న రాయల్టీదారులకు మాట ఇవ్వొద్దు, వాటిలో మూసి ఉంచినప్పుడు పేరుకున్న చమురు కూడా కలిసి ఉంటుంది. కొన్ని నెలలు ఆగి, ఉత్పత్తి ఎలా తగ్గుతూ వచ్చిందో చూపే పాత గీతతో పోల్చి చూశాకే పెరిగిందనండి.