జపాన్, చైనాలను పోల్చాలంటే ముందు ఖజానా తలుపు తీయండి

సివిల్స్ మెయిన్స్ పిల్లలకు ప్రపంచ చరిత్ర చెబుతాను. 19వ శతాబ్దపు జపాన్, చైనాలను పోల్చమని ఇస్తే చాలామంది ఒక పేజీ జపాన్ కథ, ఒక పేజీ చైనా కథ రాసి, చివర్లో ‘జపనీయులు క్రమశిక్షణ కలవారు’ అని తేల్చేస్తారు. జాతి స్వభావంతో తేల్చిన జవాబుకు నా దగ్గర సున్నానే.

నేను చేయించే పద్ధతి ఇది. ముందు ఒకే ఒక్క ప్రశ్న పట్టుకుని, దాన్నే అన్ని దేశాలనూ అడగండి. నేనైతే ఖజానా గురించి అడుగుతాను: మార్పుకైన ఖర్చు ఎవరు మోశారు?

తర్వాత లెక్క ఏ ఏడాది నుంచి మొదలవుతుందో చూసుకోండి. నల్లమందు యుద్ధంలో బ్రిటన్ చేతిలో ఓడాక, చైనాకు దెబ్బ 1842 నాన్‌జింగ్ ఒప్పందంతో తగిలింది. జపాన్ తీరానికి అమెరికా నౌకాధికారి పెర్రీ ఓడలు వచ్చింది 1853లో. పైగా చైనాను 1850 నుంచి 1864 దాకా తైపింగ్ తిరుగుబాటు అనే అంతర్యుద్ధం పీల్చి పిప్పి చేసింది. అయినా జపాన్‌లో మెయిజీ చక్రవర్తి పేరిట కొత్త ప్రభుత్వం గద్దెనెక్కిన 1868లోనే షాంఘైలోని జియాంగ్నాన్ ఆయుధ కర్మాగారం సొంత ఆవిరి ఓడను నీళ్లలోకి దించింది. ఫలితం తెలిసిన మనకు చైనా మొదటినుంచీ వెనకబడ్డట్టే కనిపిస్తుంది. ఆ ఏడాది పందెం కాసేవాడికి అలా కనిపించి ఉండదు.

ఇక ఖజానా. ఇక్కడ తొందరపడకండి. జపాన్ 1871లో సంస్థానాలు రద్దు చేసింది. 1873లో భూమి విలువ మీద 3 శాతం పన్ను వేసి, బియ్యంగా కాక నగదుగా కట్టమంది. పంట పండినా ఎండినా అంతే. ఏటా ఎంత రాబడి వస్తుందో టోక్యోకి ముందే తెలిసిపోయేది. బరువు మోసింది రైతు. 1876లో రైతులు తిరగబడ్డాక, 1877లో 2.5 శాతానికి దించారు. ఈ రైతును వదిలేసి ‘మెయిజీ అద్భుతం’ అని రాసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

చైనాలో కాంగ్షీ చక్రవర్తి 1712లోనే తల పన్ను కోటాను శాశ్వతంగా బిగించేశాడు, జనం పెరిగినా ఆ పన్ను పెరగలేదు. తైపింగ్‌లను అణచడానికి 1853లో పుట్టిన లిజిన్ అనే సరుకుల సుంకం ఎక్కువగా రాష్ట్రాల అధికారుల గుప్పిట్లోనే ఉండిపోయింది. బలమైన సైన్యాలూ వాళ్లవే. అందుకే 1894లో జపాన్‌తో యుద్ధమొస్తే ఉత్తరాది పెద్ద అధికారి లీ హోంగ్‌జాంగ్ నడిపిన ఉత్తర నౌకాదళమే దాదాపు ఒంటరిగా పోరాడింది. దక్షిణాది ఓడలు చాలావరకు కదల్లేదు.

మీ వాదన గట్టిదో కాదో తేలాలంటే మూడో దేశం మీద పెట్టి చూడండి. ఈజిప్టు అందుకు బాగా పనికొస్తుంది, ఎందుకంటే దాని పాలకుడు ముహమ్మద్ అలీ జపాన్ కన్నా ముందే నిర్బంధ సైన్యం, కర్మాగారాలు పెట్టాడు. రైతుల దగ్గర పత్తిని తానే కొని, తానే అమ్మి ఖర్చుకు రాబట్టాడు. ఈజిప్టు పేరుకు ఒట్టోమన్ సామ్రాజ్యంలోదే కాబట్టి, 1838లో బ్రిటన్, ఒట్టోమన్ సుల్తాను చేసుకున్న ఒప్పందం అలాంటి గుత్తవ్యాపారాలను నిషేధించింది. 1841లో అతని సైన్యాన్ని 18,000కు కుదించారు. వారసులు యూరప్ అప్పుల్లో దిగారు. 1875లో సూయెజ్ వాటాలు 40 లక్షల పౌండ్లకు బ్రిటన్ పాలు, 1876లో దివాళా, 1882లో బ్రిటిష్ సైన్యం.

అంటే ప్రశ్నకు ఇంకో కొస కలపాలి: రాబడి మీద పెత్తనం ఎవరిది?

ఇంటి పని: ఇవే రెండు ప్రశ్నలు సయాంను (నేటి థాయ్‌లాండ్) అడగండి. బ్రిటన్‌తో చేసుకున్న 1855 బౌరింగ్ ఒప్పందం నుంచి మొదలుపెట్టండి, దిగుమతి సుంకం 3 శాతానికి మించకూడదన్న షరతు దాంట్లోనే ఉంది.