పెట్రోల్ బంకు కింద నేల, నీరు చెడితే: ఎలా వెతకాలి, ఎలా శుభ్రం చేయాలి

ట్యాంకులోంచి కారిన ఇంధనం నేలలో నాలుగు రూపాల్లో ఉంటుంది. కొంత మట్టి రేణువుల సందుల్లో చిక్కుకుంటుంది. కొంత నీటిమట్టం మీద తెట్టులా తేలుతుంది. కొంత నీటిలో కరుగుతుంది. మిగతాది ఆవిరై మట్టిలోంచి పాకుతుంది. ఒక్కోదానికి ఒక్కో విరుగుడు. ఎక్కడ ఏ రూపంలో ఉందో తేలకముందే పంపులు, బ్లోయర్లు బిగిస్తే ఏళ్ల తరబడి కరెంటు ఖర్చవుతుంది గానీ నేల బాగుపడదు.

ముందు కారడం ఆపాలి. ట్యాంకునే అనుమానించి ఊరుకోకండి. పైపు జాయింట్లు, డిస్పెన్సర్ అడుగు, ట్యాంకర్ నింపే చోటు కూడా చూడండి. స్టాకు లెక్కల్లో తేడా వెతికి, ట్యాంకుకూ పైపులకూ విడివిడిగా లీకు పరీక్ష చేయించండి. సెకనుకో చుక్క కారినా రోజుకు దాదాపు నాలుగు లీటర్లు పోతుంది.

పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. అందుకే డ్రైనేజీలోకి, మ్యాన్‌హోళ్లలోకి, పక్క భవనాల సెల్లార్లలోకి దిగుతుంది. గాలిలో సుమారు 1.4 శాతానికి చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. గ్యాస్ మీటరు ఆ హద్దులో పదో వంతు చూపిస్తే పని ఆపి మనుషులను బయటికి పంపండి. చుట్టుపక్కల తాగునీటి బావులు, బోర్లు ఉంటే నీటి ఫలితాలు వచ్చేదాకా వాడకం ఆపించండి. పెట్రోలులో ఉండే క్యాన్సర్ కారకం బెంజీన్‌కు తాగునీటిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములే. అంత తక్కువ మోతాదు వాసనకు తెలియదు.

ఇక మట్టి. పైపులూ కేబుళ్లూ తెగకుండా మొదటి మీటరున్నర చేత్తో తవ్వి, తర్వాతే డ్రిల్లు దించండి. ప్రతి అర మీటరు నుంచి మీటరుకు మట్టి తీసి, జిప్ కవరు సగం నింపి, పది నిమిషాలు ఆగి పీఐడీ మీటరుతో (ఇంధన ఆవిరిని పట్టే చేతి మీటరు) ఆవిరి కొలవండి. ఎక్కువ చూపిన చోటు, నీటిమట్టానికి సరిగ్గా పైన, బోరు అడుగు: కనీసం ఈ మూడింటి మట్టిని ల్యాబుకు పంపాలి. ల్యాబుకు వెళ్లేది కవరులోని మట్టి కాదు. డ్రిల్లుతో తీసిన మట్టి కడ్డీని (కోర్) కోసిన వెంటనే లోపలి మట్టిని తీసి మిథనాల్ సీసాలో వేయాలి. కాసేపు ఎండలో వదిలితే బెంజీన్ ఎగిరిపోయి, చెడిన నేలకు శుభ్రమైన రిపోర్టు వస్తుంది.

నీటి ప్రవాహం ఎటో తెలియాలంటే కనీసం మూడు పరిశీలన బోర్లు కావాలి, అవీ ఒకే వరసలో కాకుండా త్రిభుజంలా. సాధారణంగా 50 మి.మీ. పీవీసీ పైపు, అడుగున నీరు రావడానికి సన్నని చీలికలున్న స్లాట్ పైపు, చుట్టూ కడిగిన ఇసుక, దానిమీద అర మీటరుకు పైగా బెంటోనైట్ (తడిస్తే ఉబ్బి సందులు మూసే బంకమన్ను), ఆపైన గ్రౌట్ (సిమెంటు ముద్ద). ఎక్కువ మంది తప్పు చేసేది స్లాట్ పైపు దగ్గరే. అది నీటిమట్టానికి పైనా కిందా రెండువైపులా ఉండాలి, కాలాన్నిబట్టి మట్టం ఎగిసినా దిగినా సరిపోవాలి. మొత్తం నీటిలో మునిగిపోతే తేలే ఇంధనం బోరులోకి రాదు, మీరు చూసేది శుభ్రమైన నీళ్లే.

తెట్టు మందాన్ని ఇంటర్‌ఫేస్ ప్రోబ్‌తో (ఇంధనం ఎక్కడ, నీరు ఎక్కడ మొదలయ్యాయో చూపే టేపు) కొలవండి. ఇంధనం 5.00 మీటర్ల దగ్గర, నీరు 5.40 దగ్గర తగిలిందనుకోండి. పెట్రోలు సాంద్రత 0.75 అయితే తెట్టు మందం 0.40ని 0.75తో గుణించి, వచ్చిన 0.30ని 5.40లోంచి తీసేయాలి. అసలు నీటిమట్టం 5.10. ఈ సవరణ మరిస్తే ప్రవాహ దిశ తారుమారవుతుంది. బోరులో 40 సెంటీమీటర్లు ఉందని నేలంతా అంతే ఉందనుకోకండి, బోరులో ఎక్కువే కనిపిస్తుంది. నీటిమట్టం పెరిగినప్పుడు ఇంధనం మునిగి మాయమవుతుంది, దిగినప్పుడు మళ్లీ తేలుతుంది. ఒక్కసారి చూసి లేదని తేల్చకండి.

నీటి నమూనాకు ముందు బోరులో నిలవ నీటికి మూడు రెట్లు తోడి తీసేయాలి. 50 మి.మీ. పైపులో మీటరు నీటికి దాదాపు రెండు లీటర్లు. మూడు మీటర్లుంటే ఆరు లీటర్లు, మూడు రెట్లంటే పద్దెనిమిది తోడాలి. 40 మి.లీ. సీసాలను గాలిబుడగ లేకుండా నింపి, ఆమ్లం కలిపి, మంచులో పెట్టి పంపండి.

శుభ్రం చేసేటప్పుడు వరస తప్పకూడదు. ముందు తేలే ఇంధనాన్ని స్కిమ్మర్‌తో (పై తెట్టును మాత్రమే లాగే పరికరం) తీయాలి. అది ఉండగా ఇంధనం కరిగిన నీటిని తోడితే, తోడినకొద్దీ ఇంధనం మళ్లీ నీటిలో కరుగుతూనే ఉంటుంది. పైపైన చెడిన మట్టిని అందినంతవరకు తవ్వి తీసేయడమే మేలు. లోతుగా, ఇసుక నేలలో పెట్రోలుంటే వాక్యూమ్‌తో ఆవిరి లాగే పద్ధతి బాగా పనిచేస్తుంది. డీజిల్ సరిగా ఆవిరి కాదు కాబట్టి దానికి మెల్లగా గాలి పంపి సూక్ష్మజీవులను పెంచడమే నయం. బంకమన్నులో గాలి కదలదు, అక్కడ ఈ రెండూ అంతంతమాత్రమే. నీటిమట్టం కిందకి గాలి ఊదే పద్ధతికి ఆవిరి లాగే ఏర్పాటు తప్పనిసరి. లేదంటే ఆ ఆవిరి సెల్లార్లలోకి చేరుతుంది.

తోడిన నీటిని, ఇంధనాన్ని పట్టి ఉంచే యాక్టివేటెడ్ కార్బన్ నింపిన రెండు ట్యాంకుల గుండా వరసగా పంపి, మధ్యలో నమూనా తీస్తుండండి. అక్కడ బెంజీన్ కనబడితే మొదటిదాని పని అయిపోయినట్టే. ఇంధనంలో ఎంటీబీఈ (ఆక్టేన్ పెంచడానికి పెట్రోలులో కలిపే రసాయనం) ఉంటే కార్బన్ ఇంకా త్వరగా చేతులెత్తేస్తుంది.

అంకెలు తగ్గగానే యంత్రాలు విప్పేయకండి. ఆపి, కొన్ని నెలలు ఆగి మళ్లీ కొలవండి. మట్టి సందుల్లోంచి ఇంధనం మెల్లగా దిగి అంకెలు తిరిగి పెరగడం మామూలే. నీటిమట్టం ఎగిసినప్పుడూ దిగినప్పుడూ అంకెలు నిలకడగా హద్దు లోపల ఉన్నాకే పని ముగించాలి. చివరగా ప్రతి పరిశీలన బోరునూ అడుగు నుంచి పైదాకా గ్రౌట్‌తో నింపి మూసేయండి. తెరిచి వదిలిన బోరు, రేపు కారే ఇంధనానికి నేరుగా నీటిలోకి దారి.