ప్లాస్టిక్ జాలీ పోయింది, రాతి అరుగు వచ్చింది

జువాంథిడ్ (పగడాల బంధువులైన మెత్తటి సముద్రజీవులు) ముక్కలు పెట్టుకున్న తెల్ల జాలీ నా ఉప్పునీటి అక్వేరియం ట్యాంకులో గిన్నెల స్టాండులా కనిపించేది. దాన్ని తీసేశాను. బెజవాడ వన్‌టౌన్‌లో డ్రిల్లుకు పెట్టే మేసన్రీ బిట్ కొని, పలకలాంటి డ్రై రాక్‌కి (అక్వేరియంలో వాడే ఎండు రాయి) 12 మిల్లీమీటర్ల కన్నాలు వేశాను. రాయి తడిపి నెమ్మదిగా వేయాలి, తొందరపడితే అంచు పెళ్లున ఊడొస్తుంది. కన్నాలు వరసగా ఉంటే మళ్లీ స్టాండే, అందుకే అడ్డదిడ్డంగా వేశా. ముక్క అతికించిన ప్లగ్ (కాడ ఉన్న చిన్న దిమ్మ) కాడ అందులో దిగిపోతుంది, కావాలంటే పైకొస్తుంది.

కాళ్లకు పీవీసీ ముక్కలు. వాటి చుట్టూ ఎపాక్సీ పుట్టీ పెట్టి, గట్టిపడకముందే అరగోనైట్ (సున్నపు) ఇసుక అద్దితే పైపు ఆనవాలే ఉండదు. సిమెంట్ జోలికి పోలేదు. వారాల తరబడి నానబెట్టకపోతే నీటి పీహెచ్ (క్షారగుణం) ఎగబాకుతుంది.

జువాంథిడ్లలో పాలీటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, గ్లవ్స్ తప్పనిసరి. రాతి పగడాలు మాత్రం 2001 నుంచి వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, ఎంత చవగ్గా ఇస్తామన్నా ముట్టుకోను.

ట్యాంకులోనే పుట్టీ వాడితే స్కిమ్మర్ (నీటి మలినాల్ని నురగగా తీసే పరికరం) నురగ పొంగుతుంది, అది పడే కప్పు చూస్తూ ఉండండి.