రక్తంతో గేదె చూడి పరీక్ష – 3వ పాఠం: రెండు తేదీలు

పోయిన పాఠంలో మూగ ఎద, అంటే లక్షణాలు బయటికి కనిపించని ఎద, గురించి చెప్పుకున్నాం. ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు గేదెలు ఎక్కువగా వానలు వెనకబట్టి చలి మొదలయ్యాకే ఎదకొస్తాయి. ఆ నాలుగైదు నెలలూ దాటితే ఎండాకాలంలో ఎద పట్టుకోవడం గగనం. చేయి పెట్టి చూడి చెప్పాలంటే సుమారు రెండు నెలలు ఆగాలి. ఈలోగా 21వ రోజు ఎదా, 42వ రోజు ఎదా రెండూ పోతాయి. రక్తపరీక్ష 30వ రోజుకే ఖాళీ అని చెబితే 42వ రోజుది మన చేతిలో ఉంటుంది. ఒక్క ఎద దక్కినా ఒక ఈత ముందుకు జరిగినట్టే.

ఇంతకీ ఆ పరీక్ష రక్తంలో దేన్ని వెతుకుతుంది? పిండం చుట్టూ మాయ తయారవుతున్నప్పుడు దాని పైపొరలో రెండేసి కేంద్రకాలున్న పెద్ద కణాలు పుడతాయి. అవి గర్భసంచి గోడలోకి చొచ్చుకెళ్లి, అక్కడి కణాలతో కలిసిపోయి, కొన్ని ప్రోటీన్లను తల్లి రక్తంలోకి వదులుతాయి. వీటినే పాగ్ (PAG, చూడికి సంబంధించిన గ్లైకోప్రోటీన్లు అనే ఇంగ్లిష్ పేరుకు పొట్టి రూపం) ప్రోటీన్లు అంటారు. ఈ జాతి ప్రోటీన్‌ను 1982లో అమెరికాలో ఆవు మాయ నుంచి వేరుచేశారు. గేదె మాయ కూడా ఇదే పని చేస్తుంది. కాబట్టి ఈ పాఠంలో ఒక్క మాట గట్టిగా పట్టుకోండి: రక్తం చెప్పేది మాయ కబురు. దూడ బతికి ఉందో లేదో అది నేరుగా చెప్పదు. కింది జాగ్రత్తలన్నీ ఈ ఒక్క మాట నుంచే వస్తాయి.

మొదటిది, సూది తేదీ. ఎద సూది (ఎదలో ఉన్నప్పుడు వీర్యం ఎక్కించడం) వేయించిన 28 రోజులకు ముందు రక్తం తీయకండి. మాయ ఇంకా సరిగా అతుక్కోదు, ప్రోటీన్ చాలినంత రాదు, చూడి గేదె కూడా ఖాళీ అని వస్తుంది. 30 రోజులు నిండనిస్తే మరీ మంచిది. మన ఊళ్లలో తేదీ అడిగితే "నాగుల చవితి మర్నాడు" అనో, "మార్గశిరం రెండో లక్ష్మివారం" అనో చెబుతారు. అది తప్పు సమాచారం కాదు, చాలాసార్లు రిజిస్టరు కంటే నికరమైనది. పంచాంగం తెరిచి తేదీగా మార్చి, వాళ్లు చెప్పిన మాట కూడా పక్కనే రాయండి. ఆసుపత్రి రికార్డు ఒడియాలో, ఇంటి పుస్తకం తెలుగులో ఉంటాయి కనుక చెవి పోగు మీది 12 అంకెల నంబరే రెండింటికీ వంతెన.

రెండోది, ఈనిన తేదీ. దీన్ని చాలామంది అడగరు, నాకు బాధ కలిగించేది అదే. ఈనాక మాయ పడిపోయినా దాని ప్రోటీన్ రక్తంలో వారాల తరబడి ఉండి నెమ్మదిగా తగ్గుతుంది. ఆవులకు వాడే కిట్లలో ఈనాక కనీసం 60 రోజులు ఆగమంటారు. గేదెకూ ఆ 60 రోజులు నిండకముందు వచ్చిన "ఉంది"ని నమ్మకండి.

ఒక లెక్క చూద్దాం. ఒక గేదె అక్టోబర్ 10న ఈనింది, డిసెంబర్ 2న సూది వేశారు, జనవరి 1న రక్తం తీశారు. సూదికి 30 రోజులు, ఈతకు 83 రోజులు. "ఉంది" అని వస్తే నమ్మవచ్చు. ఇంకో గేదె నవంబర్ 24న ఈనింది. నెల తిరక్కుండానే ఎదకొచ్చిందని తొందరపడి డిసెంబర్ 20న సూది వేయించారు, జనవరి 19న రక్తం తీశారు. సూదికి 30 రోజులు సరే, ఈతకు మాత్రం 56. "ఉంది" అంటే పాత మాయదా, కొత్త మాయదా? చెప్పలేం. వారం ఆగి జనవరి 26న మళ్లీ తీయాలి. అదే గేదెకు "లేదు" అని వస్తే? దాన్ని నమ్మవచ్చు. పాత ప్రోటీన్ లేనిదాన్ని ఉన్నట్టు చూపగలదు గానీ, ఉన్నదాన్ని దాచలేదు. తొలిచూలు పడ్డకు ఈ చిక్కే లేదు.

కొండవాలుల్లో దున్నపోతుతో కలిసి మేసే మందలకు సూది తేదీ ఉండదు. అక్కడ "ఉంది" అంటే (ఈని 60 రోజులు దాటి ఉంటే) చూడి అని తెలుస్తుంది, ఎన్నో నెలో తెలియదు. "లేదు" అంటే ఖాళీ కావచ్చు, ఇరవై రోజుల చూడీ కావచ్చు. నెల తర్వాత మళ్లీ చూడాలి. ఈలోగా ఎద రప్పించే ప్రోస్టాగ్లాండిన్ సూది వేయిస్తే ఉన్న చూడి కాస్తా జారిపోతుంది. ఈ ఒక్క విషయంలో ఎవరు తొందరపెట్టినా ఒప్పుకోవద్దు.

రక్తం తీయడం డాక్టరు గారి పక్కన నిలబడి నేర్చుకోవాలి. తోక మొదలు కిందివైపు బురద ఎండి పట్టి ఉంటుంది. ముందు నీళ్లతో కడిగి, తుడిచి, అప్పుడు స్పిరిట్ దూది. తోకను నిటారుగా పైకెత్తితే మధ్యలో గాడి వేలికి తగులుతుంది. అక్కడ సూదిని తోకకు లంబంగా గుచ్చాలి. ఎముక తగిలితే రవ్వంత వెనక్కి లాగండి, రక్తం దానంతటదే వస్తుంది. మూడు నాలుగు మిల్లీలీటర్లు చాలు. ఊదా మూత గొట్టంలో (రక్తం గడ్డకట్టకుండా మందు ఉండేది) పోసి, ఎనిమిది పదిసార్లు నెమ్మదిగా తలకిందులు చేయండి. గట్టిగా కుదిపితే రక్తకణాలు పగిలి నమూనా పాడవుతుంది. గొట్టాన్ని గుడ్డలో చుట్టి ఐసు పెట్టెలో పెట్టండి. ఐసు నేరుగా తగలకూడదు.

"ఉంది" అని వచ్చిన గేదెను కూడా 60–70 రోజులకు చేయి పెట్టించి మళ్లీ చూపించండి. పిండం మధ్యలో పోయినా ప్రోటీన్ కొన్నాళ్లు రక్తంలో తిరుగుతుంది.

వచ్చే పాఠానికి ఈ మూడూ చేసి ఉంచండి. ఒకటి: జనవరి 8న సూది వేసిన పడ్డకు ఫిబ్రవరి 1న రక్తం తీస్తే "లేదు" అని వచ్చింది. రెండు: సెప్టెంబర్‌లో ఈని దున్నపోతుతో కలిసి మేస్తున్న గేదెకు ఫిబ్రవరి 1న "లేదు". మూడు: నాగుల చవితి నాడు సూది వేసిన గేదెకు జనవరి మొదటి వారంలో "ఉంది", జనవరి 20న ఎద తీగ (జిగురు) వేస్తూ అరుస్తోంది. ఒక్కోదానికి యజమానికి ఏం చెబుతారో, మళ్లీ రక్తం ఏ తేదీన తీస్తారో రాయండి. కిట్ పలకలో రంగు చదవడం వాటి జవాబులతోనే మొదలుపెడదాం.