ధ్యానం చేశారా, చేసినట్టు రాశారా? మైండ్‌ఫుల్‌నెస్‌ను కొలిచేదెలా

మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణంలో జరుగుతున్నదాన్ని ధ్యాసతో గమనించడం) శిక్షణ పనిచేసిందో లేదో తేల్చాలంటే రెండు సంగతులు విడివిడిగా కొలవాలి. మనిషిలో ధ్యాస ఎంత పెరిగింది? ఇంటి దగ్గర సాధన నిజంగా ఎంత చేశారు? చాలా ప్రాజెక్టులు మొదటిదాంతోనే సరిపెట్టేస్తాయి. విశాఖలో ముప్ఫైమందితో ఎనిమిది వారాల చిన్న అధ్యయనం పెట్టుకున్నారనుకుందాం.

ముందు ప్రశ్నావళి ఎంచుకోండి. 2003లో బ్రౌన్, ర్యాన్ అనే మనస్తత్వ పరిశోధకులు తయారుచేసిన ‘మాస్’ (MAAS) స్కేలులో 15 వాక్యాలే ఉంటాయి (మాస్ సినిమాలకూ దీనికీ సంబంధం లేదు). అన్నీ పరధ్యానం గురించే. దాదాపు ఎప్పుడూ అలాగే ఉంటే 1, దాదాపు ఎప్పుడూ అలా ఉండకపోతే 6. అంకెలన్నీ కూడి 15తో భాగిస్తే స్కోరు. ఇంకాస్త లోతు కావాలంటే 2006లో బేర్ బృందం ఇచ్చిన 39 వాక్యాల ప్రశ్నావళి ఉంది. గమనించడం, మాటల్లో చెప్పగలగడం, ధ్యాసతో పనిచేయడం, తప్పొప్పులు ఎంచకపోవడం, వెంటనే రియాక్ట్ కాకపోవడం అని ఐదు కోణాలు. ‘గమనించడం’ దగ్గర మాత్రం జాగ్రత్త. ధ్యానం అలవాటు లేనివాళ్లలో ఆ స్కోరు మిగతావాటితో కలిసి నడవదు. టెన్షన్ మనిషి కూడా తన గుండెదడను బాగానే గమనిస్తాడు కదా!

తర్వాత ఆ ప్రశ్నావళిని తెలుగు చేయాలి. ఒకరు తెలుగు చేశాక, మూలం చూడని ఇంకొకరితో తిరిగి ఇంగ్లీషులోకి మార్పించి పోల్చండి. అంతటితో ఆగకండి, నలుగురికి చదివి వినిపించండి. ఇలాంటి పనే మేం చేసినప్పుడు మొదట ‘ఎరుక’ అని రాశాం. పూర్ణా మార్కెట్‌లో కూరలమ్మే ఆవిడ, “ఎరుకంటే సోది చెప్పించుకోడమా బాబూ?” అంది. ఆ రోజే దాన్ని ‘ధ్యాస’గా మార్చేశాం.

ప్రశ్నావళి ఒక్కటీ చాలదు. తన గురించి తాను చెప్పుకునేదే కదా! 2014లో లెవిన్సన్ బృందం చూపిన శ్వాస లెక్క తోడు పెట్టుకోండి. మనసులో శ్వాసలు లెక్కపెడుతూ, ఒకటి నుంచి ఎనిమిది దాకా ఒక బటన్, తొమ్మిదో శ్వాసకు వేరే బటన్ నొక్కాలి. ఎన్నిసార్లు లెక్క తప్పిందో చూడాలి. గదిలోనే చేయించండి. ఆర్కే బీచ్‌లో ప్రయత్నించాం గానీ, మావాళ్లు శ్వాసలు వదిలేసి కెరటాలు లెక్కపెట్టారు.

అసలు తిప్పలు సాధన లెక్కతోనే. ఒకాయన ఇచ్చిన డైరీలో ఎనిమిది వారాలూ ‘45 నిమిషాలు’, ఒకే నీలం ఇంకు, ఒకే వాలు. సింహాచలం బస్సులో కూర్చుని మొత్తం నింపేశానని నవ్వుతూ ఒప్పుకున్నాడు. 2017లో పార్సన్స్ బృందం పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, ఇంటి దగ్గర చేయమన్న సాధనలో జనం చేశామన్నది సుమారు 64 శాతం. ఫలితంతో దానికున్న సంబంధం ఉంది గానీ చిన్నదే. అందుకే ఏ రోజుది ఆ రాత్రే వాట్సాప్‌లో అడగండి. ఆడియో ఇచ్చి ఉంటే అది ఎంతసేపు మోగిందో యాప్‌లో చూడండి. నిమిషాలతోపాటు, మనసు పక్కకు పోయినప్పుడు వెనక్కి తెచ్చుకున్నారా అని కూడా అడగండి. కునికిపాట్లు కూడా నిమిషాల్లో కలిసిపోతాయి మరి.

జవాబు రాని రోజును సున్నా అని నింపకండి, ఫోన్ చేయండి. “చేశానండీ, రాయడమే మర్చిపోయాను” అనేవాళ్లు బోలెడుమంది.